పడవకు మంచినీళ్ళు

కువైట్‌లోని జహ్రాలో నేను పనిచేసే ఇంటి పెరట్లో రెండు కుళాయిలు ఉన్నాయి. ఒకటి వంటగది గోడకు, రెండోది ప్రహరీ వెంట ఖర్జూరం చెట్ల దగ్గర. చూడటానికి రెండూ ఒకటే. వంటగది కుళాయిలో వచ్చేవి సముద్రపు నీటిలో ఉప్పు తీసేసి పంపే మంచినీళ్ళు. ఖర్జూరం చెట్ల కుళాయిలో వచ్చేవి భూమిలోంచి తోడి మొక్కలకు పంపే నీళ్ళు. వాటిని ఇక్కడ సలీబీ నీళ్ళంటారు. సముద్రమంత ఉప్పు కాదు, అలాగని నోట పోసుకోలేం.

కొత్తగా వచ్చినవాళ్ళకు ఈ తేడా ఎవరూ చెప్పరు. నాకు కందిపప్పు చెప్పింది. వచ్చిన కొత్తలో, దగ్గరగా ఉంది కదా అని ఖర్జూరం చెట్ల కుళాయి నీళ్ళతో ఎసరు పెట్టి పప్పు వేశాను. గ్యాసు ఎంత తగలేసినా పప్పు పలుకు విడలేదు. కోనసీమలో సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు వేసినప్పుడు ఆడవాళ్ళు చేసే మొదటి పరీక్ష అదే. పప్పు ఉడికితే ఇంటికి, ఉడక్కపోతే గొడ్లకు. ఇంత దూరం వచ్చాక ఆ పరీక్ష మళ్ళీ నేనే చేయాల్సి వచ్చింది. అప్పటినుంచి నాకొక నియమం ఉంది. పప్పు ఉడకని నీళ్ళు మోటారుకు పెట్టను.

మోటారంటే పడవ మోటారు. కాగితాల్లో నేను ఇంటి డ్రైవర్ని, వీళ్ళ నోట డ్రేవల్. ఇంటి పెద్దాయనకు, ఆయన్ని మేమంతా బాబా అంటాం, ఒక చిన్న స్పీడు బోటు ఉంది. వీళ్ళ మాటలో తర్రాద్. ఫైబరు ఒళ్ళు, వెనక తగిలించిన అవుట్‌బోర్డ్ మోటారు, ఈడ్చుకుపోవడానికి ఒక ట్రైలర్. ఎండాకాలం అంతా దాన్ని కారు వెనక కట్టి రేవుకు తీసుకుపోవడం, దించడం, ఎక్కించడం, కడగడం నా పని. చలిగాలి మొదలైతే ఈ ఇళ్ళలో సముద్రం సంగతి మర్చిపోతారు. అందరి మనసూ ఎడారి మీదకు పోతుంది. డేరాలు, దుప్పట్లు, బొగ్గుల కుంపట్లు, టీ కెటిల్సు బయటికి వస్తాయి. డేరాలు బయటికొచ్చే వారంలోనే పడవను పడుకోబెట్టాలి. మళ్ళీ ఎండలు ముదిరాక లేపుతాం.

పోయిన చలికాలం ఆ పని రెండుసార్లు చేశాను. రెండోసారి ఎందుకు చేయాల్సి వచ్చిందో రాద్దామనే కూర్చున్నాను.

ముందు, ఆ ఏడాది ఆ పడవ మీద నాకున్న లెక్క చెప్పాలి. బాబాకు మోకాళ్ళు పనిచేయడం మానేశాయి. ఆ ఎండాకాలం మొత్తం మీద ఒక్కసారే పడవెక్కాడు. అదీ నేనూ పెద్దకొడుకూ చెరోవైపు పట్టుకుని ఎక్కిస్తే. పెద్దకొడుక్కి చేపలు పట్టే ఓపిక లేదు. ఆయనకు ఎడారిలో ఇసుక దిబ్బల మీద తోలే బగ్గీలు ఇష్టం. వాటిని పెట్టడానికి పెరట్లో పడవ ఉన్న చోటు కావాలి. పడవ అమ్మేద్దామని భోజనాల దగ్గర అనడం నేను విన్నాను. దానికి కొసరు మాట కూడా విన్నాను. "పడవ పోతే ఈ డ్రేవల్‌తో మనకేం పని? పిల్లల బడికి వేరే డ్రేవల్ ఉన్నాడు కదా."

నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, చలికాలం చివర్లో అయిపోతుంది. యాభై దాటినవాణ్ణి కొత్త కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, ఎవడూ రాయించుకోడు. ఇంటి దగ్గర మా అమ్మాయి నర్సింగ్ చదువు ఇంకొక్క ఏడాది ఉంది. ఆ ఒక్క ఏడాదే నాకు కావలసింది. పడవ పెరట్లో ఉంటే నేను ఉంటాను, పడవ పోతే నేను పోతాను. నేను బడిలో లెక్కలు నేర్చుకోలేదు. కొబ్బరి రాశుల దగ్గర, చేతికి రెండేసి కాయలు ఎత్తి పక్కకు వేస్తూ నేర్చుకున్నాను. అయినా ఈ లెక్కకు అంత చదువు కూడా అక్కర్లేదు.

అందుకే ఆ ఏడాది పడవను మరీ శ్రద్ధగా సిద్ధం చేశానని అనుకుంటారేమో. అదేం లేదు. ఎప్పటిలాగే చేశాను. పని కొత్తది కాదు, నేనే పాతబడ్డాను. వంగితే నడుం లేవదు, కూర్చుంటే మోకాలు లేవదు.

నాకు తోడుగా జగిత్యాల వైపు నుంచి వచ్చినతను ఒకతను ఉన్నాడు. మొక్కలకు నీళ్ళు పెట్టడం, పెరడు ఊడవడం, చలికాలంలో డేరాలు కొట్టడం అతని పని. నాకంటే ఓ పదేళ్ళు చిన్న. అన్నా అంటాడు. మేమిద్దరం పెరటి చివర ఒకే గదిలో ఉంటాం, ఒకే కుక్కర్లో వండుకుంటాం. సముద్రం పేరెత్తితే మాత్రం దండం పెడతాడు.

మోటారు కడగడం ఇలా ఉంటుంది. ట్రైలర్ మీద పడవను వెనక్కి తోసి, మోటారు కాలు ఒక నీలం డ్రమ్ములో దిగేలా నిలబెట్టాలి. డ్రమ్ము నింపి మోటారు తిప్పితే అది ఆ నీళ్ళు పీల్చి లోపలి గొట్టాలన్నీ కడిగి, పక్కనున్న చిన్న బెజ్జంలోంచి సన్నటి ధారగా వదులుతుంది. మొదటి నీళ్ళలో సముద్రపు ఉప్పంతా దిగుతుంది కాబట్టి ఒకసారి పారబోసి మళ్ళీ నింపాలి. మోటారు కాలు మునగాలంటే డ్రమ్ములో ఇరవై లీటర్ల డబ్బాతో ఎనిమిది డబ్బాలు పోయాలి. రెండు నీళ్ళకు పదహారు. వంటగది కుళాయి పెరటికి ఆ మూల, పడవ ఈ మూల. రబ్బరు పైపు వంటగది గడప మీదుగా లాగితే నేల తడుస్తుందని బాబా భార్య, ఆవిడను మేం మామా అంటాం, ఒప్పుకోదు. పక్కనే సలీబీ కుళాయి, దానికి తగిలించిన పైపు, చేయి చాస్తే అందుతుంది. అక్కడినుంచి పట్టుకోక ఇదేం పిచ్చి అని మామా నన్ను ఏటా అడుగుతుంది. నేను ఏటా డబ్బాలు మోస్తాను.

"అన్నా, గీ మోటరుకు గిన్ని నీళ్ళ తానమా? మా దిక్కు పెండ్లికొడుకుకు గూడ గిన్ని పొయ్యరే," అన్నాడతను, ఐదో డబ్బా దించి నడుం పట్టుకుని.

"పెళ్ళికొడుకు మర్నాటికి మళ్ళీ మురికవుతాడు తమ్ముడూ. ఇది ఎండాకాలం దాకా కడిగింది కడిగినట్టు ఉండాలి."

"మీ ఆంధ్రోళ్ళకు నీళ్ళంటె పానం. మా ఊళ్ళె పడవ జూడాలంటె టీవీ పెట్టుకోవాలె."

"గోదావరి మీ వైపు నుంచేగా మాకొచ్చేది. మీరు వాడుకోగా మిగిలిందే మాకు."

"అగో! అయితె ఇన్నేండ్ల బిల్లు బాకీ ఉన్నరన్నట్టు. యల్లా, ఈ డబ్బ నువ్వే ఎత్తు."

నవ్వుకుంటూనే మోశాం. అప్పుడే అతనికి పప్పు సంగతి చెప్పాను. సలీబీ నీళ్ళు పెడితే ఉప్పు కడగడానికి ఉప్పే వాడినట్టవుతుందని, చలికాలం అంతా అది లోపల పెచ్చు కట్టి గొట్టాలు మూసేస్తుందని చెప్పాను. తల ఊపాడు. "పప్పు ఉడకని నీళ్ళు పెట్టద్దు. ఎరుకైంది తియ్," అన్నాడు.

కడిగాక మిగతా పని. కిందనున్న గేరు పెట్టె మర విప్పి పాత నూనె దించాలి. నూనె మజ్జిగలా తెల్లబడి ఉంటే నీళ్ళు చేరాయని అర్థం. ఆ ఏడాది తేనె రంగులోనే ఉంది. కొత్త నూనె పైనుంచి పోయకూడదు. కింది బెజ్జంలోంచి ఎక్కిస్తూ పోతే, పై బెజ్జంలోంచి పొర్లినప్పుడు నిండినట్టు. పెట్రోలు పాడవకుండా కలిపే మందు సీసా మీద కొలతలన్నీ ఔన్సులు, గాలన్లు. ఔన్సుకు ముప్ఫై మిల్లీలీటర్ల చొప్పున వేసుకుని, ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయో పుల్ల ముంచి చూసి, మందుల షాపు సిరంజితో కొలిచి పోస్తాను. పెద్దకొడుకు ఒకసారి అది చూసి, మోటారుకు జ్వరమా అని అడిగాడు.

చివరిది నూనె పెట్టడం. మోటారు తిరుగుతుండగానే గాలి పీల్చే చోట డబ్బాలోంచి నిల్వ నూనె కొట్టాలి. కొట్టేకొద్దీ దగ్గుతుంది, పొగ వదులుతుంది, చివరికి గొంతు పట్టేసినట్టు ఆగిపోతుంది. అప్పుడు ప్లగ్గులు విప్పి ఒక్కో బెజ్జంలో ఇంకాస్త కొట్టి, చేత్తో చక్రం తిప్పితే లోపలి గోడలకు నూనె పూత పడుతుంది. ఇక తుప్పు రాదు. ఎండాకాలంలో మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఆ నూనె కాలి పెరడంతా తెల్లగా పొగ కమ్ముతుంది. ఆ పొగ మోటారు జబ్బు కాదు, మోటారుకు వేసిన మందు. కాసేపు ఓర్చుకుంటే పోతుంది.

ఆ రోజు బాబా వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చుని అంతా చూశాడు. బాటరీ విప్పి చెక్క మీద పెట్టాను. పడవ ముక్కు ఎత్తుగా ఉండేలా ట్రైలర్ కింద ఇటుకలు పేర్చి, అడుగు బిరడా తీసి జేబులో వేసుకున్నాను. వాన పడితే నీళ్ళు వెనక్కి జారి ఆ బెజ్జంలోంచి పోవాలి. బిరడా తీయడం చూసి బాబా నవ్వాడు. ఎందుకు నవ్వాడో నాకు తెలుసు.

మా వైపు చెక్క పడవను దాచాలంటే కాలవలో ముంచేస్తారు. ఎండలో ఉంచితే చెక్క ఎండి అతుకులు విడిపోతాయి. ఇక్కడ నా మొదటి చలికాలం, ఎవరూ చెప్పకపోయినా బుద్ధిగా బిరడా బిగించి, పగుళ్ళు రాకుండా పడవ నిండా నీళ్ళు పోసి ఉంచాను. నీటి బరువుకు ట్రైలర్ టైర్లు నేలకు అంటుకుపోయాయి. ఒక పొద్దున బాబా వచ్చి చూసి, నా ముఖం చూసి, పిల్లలందర్నీ కేకేసి పిలిచి చూపించాడు. "మా డ్రేవల్ పడవలో సముద్రాన్ని ఇంటికి తెచ్చాడు," అన్నాడట. అప్పటికి నాకు ఆ భాష రాదు. తర్వాత తెలిసింది. తిట్టలేదు. ఆ నవ్వు ఇంకా అలాగే ఉంచుకున్నాడు, ఏటా బిరడా తీసే వేళకు బయటికి తీస్తాడు.

పట్టా కప్పి తాళ్ళు బిగించాక, "ఖలాస్?" అని అడిగాడు.

"ఖలాస్ బాబా," అన్నాను.

పడవ గురించి ఇంకేమైనా అంటాడేమోనని కాసేపు నిలబడ్డాను. ఆయన కర్ర పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం నమాజు వేళ దాటాక, నేను కారు తుడుస్తుండగా పెద్దకొడుకు ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని పెరట్లోకి వచ్చాడు. షర్క్ చేపల మార్కెట్లో వ్యాపారం చేసే మనిషట. తెల్లటి గడ్డం, చేతిలో జపమాల. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, వేలి గణుపుతో ఒంటి మీద అక్కడక్కడా కొట్టి చూశాడు. పుచ్చకాయ కొనేవాడు కొట్టినట్టు కొట్టాడు. పని తెలిసిన మనిషని నాకు అర్థమైంది.

"యల్లా, పట్టా తీసెయ్. మోటారు తిప్పి చూపించు," అన్నాడు పెద్దకొడుకు నాతో.

"నిన్ననే లోపల నూనె పెట్టాను. ఇప్పుడు తిప్పితే పొగ వస్తుంది. ఒక గంట టైమివ్వండి, ప్లగ్గులు విప్పి తుడిచేస్తాను," అన్నాను.

"ఆయన షర్క్ నుంచి వచ్చాడు. గంట కూర్చోబెట్టమంటావా? యల్లా యల్లా."

నేను బాటరీ తేవడానికి పరిగెత్తాను. పరుగంటే నా పరుగు. పోతూ పోతూ జగిత్యాలతన్ని కేకేసి డ్రమ్ము నింపమన్నాను. అతను డేరా గుంజలు లెక్కపెడుతున్నాడు. ఇటు పెద్దకొడుకు త్వరగా త్వరగా అంటున్నాడు, అటు లోపలినుంచి మామా ఇంకేదో పనికి పిలుస్తోంది. నేను బాటరీ తీగలు బిగించి తల ఎత్తేసరికి డ్రమ్ము నిండి ఉంది. అంత తొందరగా ఎలా నిండిందని ఆలోచించి ఉండాల్సింది. ఎనిమిది డబ్బాల మోత ఎంతసేపు పడుతుందో నాకంటే ఎవరికి తెలుసు? కానీ ఆ గొడవలో నా బుర్రకు తట్టలేదు.

తాళం తిప్పాను. మోటారు దగ్గింది, మళ్ళీ దగ్గింది, మూడోసారి అందుకుంది. అందుకోగానే పొగ. తడి ఆకుల కుప్ప తగలబెట్టినట్టు తెల్లగా, చిక్కగా లేచి ప్రహరీ దాటి పక్కింటి మీదకు పోయింది. వంటింటి కిటికీ దభాలున మూసుకుంది. లోపలినుంచి మామా కేక. పెద్దమనిషి తలగుడ్డ కొస ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇది కాలిపోయిన మోటారు," అంటూ వెనక్కి జరిగాడు.

నాకు అప్పుడు అవునన్న ఒక్క మాట చాలు, లేదా ఏ మాటా లేకపోయినా చాలు. నోరు మూసుకుని నిలబడితే ఆయన పోయేవాడు, పడవ ఉండేది, నేనూ ఉండేవాణ్ణి. అది తెలుసు. అయినా, నా చేత్తో చూసుకున్న మోటారును కాలిపోయిన మోటారంటుంటే నిలబడి వినడం చేతకాలేదు.

"ఇది నూనె పొగ. మోటారుది కాదు. నిన్న నేనే పెట్టాను. కాసేపట్లో తగ్గిపోతుంది, చూడండి," అన్నాను, నాకొచ్చిన అరబ్బీలో.

ఆయన నన్ను కోపంగా చూడలేదు. జాలిగా చూశాడు. పెద్దకొడుకు వైపు తిరిగి, "అమ్మేవాడి డ్రేవల్ పొగ మంచిదంటాడు. కొనేవాడి డ్రేవల్ చెడ్డదంటాడు. నా డ్రేవల్‌ని తీసుకురాలేదు, ఏం చేయను?" అన్నాడు.

అలా అంటూనే వంగి డ్రమ్ములో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఆ ముఖం మారడం చూశాక గానీ నాకు తెలియలేదు. నేనూ వేలు ముంచి చూశాను. సలీబీ.

"ఈ మోటారు కొని ఎన్నేళ్ళయింది?" అని అడిగాడు.

పెద్దకొడుకు చెప్పాడు.

"అన్నేళ్ళూ ఈ నీళ్ళతోనే కడిగారా?"

"ఎప్పుడూ లేదు. ఇవాళ ఒక్కరోజే," అన్నాను. నా చెవులకే అది అబద్ధంలా వినిపించింది. దొరికిపోయిన ప్రతివాడూ అనే మాటే అది.

ఈలోగా పొగ నిజంగానే పలచబడింది. మోటారు చక్కగా, ఒకే లయలో తిరుగుతోంది. వినమని, చూడమని చేత్తో చూపించాను. ఆయన చూపు మోటారు మీద లేదు, డ్రమ్ము మీదే ఉంది. పెద్దకొడుకు భుజం తట్టి, వినయంగా నాలుగు దీవెన మాటలు చెప్పి, గేటు వైపు నడిచాడు.

గేటు మూసుకున్నాక పెద్దకొడుకు నా దగ్గరికి వచ్చాడు. మోటారు ఆపాను. ఆపకపోయినా అరుపు వినపడేది.

"కావాలనే పొగ పెట్టావు! కావాలనే ఉప్పునీళ్ళు పోయించావు! పడవ పోతే ఇఖామా పోతుందని ఈ నాటకం!"

అతని లెక్క తప్పని అనలేను. అంకెలన్నీ సరిగానే వేసుకున్నాడు. పడవ, ఇఖామా, పొగ, ఉప్పు. కూడితే వచ్చే మొత్తం అదే. జరిగింది మాత్రం అది కాదు. అలాంటి లెక్కకు జవాబు చెప్పడం కష్టం. నేను చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను. కాళ్ళు లాగుతున్నాయి. పోతే పోనీ, ఈ డబ్బాల మోత అయినా తప్పుతుంది అని కూడా అనిపించింది ఆ క్షణాన.

వరండాలోంచి కర్ర చప్పుడైంది. బాబా ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో ఎవరూ చూడలేదు.

"ఆ నీళ్ళు పోసినవాణ్ణి పిలు," అన్నాడు.

జగిత్యాలతను వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎందుకు సలీబీ పోశావని బాబా అడిగాడు. అతనికి అరబ్బీ అంతంత మాత్రం. నావైపు తిరిగి తెలుగులో అన్నాడు.

"అమ్ముతున్నరు గదనే అన్నా! అమ్మే బర్రెకు దాణ ఎవడు పెడ్తడే? పొయ్యేదానికి గా మూలకెళ్ళి మంచినీళ్ళు ఎందుకు మొయ్యాలె? మనది అయితె మోస్త. మందిది అయితె మోస్తనా?"

నాకు కోపం రావాల్సింది. రాలేదు. అతను చెప్పింది న్యాయమే. నేను పప్పు సంగతి చెప్పానే గానీ, పరాయి వాడి పప్పుకూ అదే నియమమని చెప్పలేదు.

"ఏమంటున్నాడు?" అన్నాడు బాబా.

బర్రె అంటే ఆయనకు ఏం తెలుస్తుందని ఒంటె అని చెప్పాను. అమ్మబోయే ఒంటెకు మేత దండగని అంటున్నాడన్నాను.

బాబా ఒళ్ళంతా కదిలేలా నవ్వాడు. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక అన్నాడు. "వీడికి ఎడారి తెలియదు. అమ్మబోయే ఒంటెకే ఎక్కువ మేత పెడతారు, డొక్కలు నిండుగా కనపడాలని. మా నాన్న సంత ముందురోజు రాత్రి దాని కడుపు పగిలేదాకా పెట్టేవాడు."

నేను తెలుగులో చెప్పాను. జగిత్యాలతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అబ్బో, గీ ముసలాయన మా సంతలకు వస్తె మమ్ముల గుడ బోల్తగొట్టిస్తడే!" అని గొణిగాడు. అది మాత్రం నేను అరబ్బీలోకి మార్చలేదు.

పెద్దకొడుకు నవ్వలేదు. బాబా అతని వైపు తిరిగాడు.

"నిన్న ఇతను నూనె పెడుతుంటే నేను ఇక్కడే కూర్చున్నాను. ఎవర్నైనా తీసుకొస్తున్నట్టు నువ్వు నిన్న నాకు చెప్పావా? ఇతనికి చెప్పావా?"

"లేదు."

"పొగ వస్తుందని ఇవాళ ఇతను నీకు చెప్పాడా?"

"చెప్పాడు."

"ఇక ఆ ముసలాడు రేపు పొద్దున మార్కెట్లో అందరికీ చెబుతాడు. ఫలానా వాళ్ళ తర్రాద్‌ను సలీబీతో కడుగుతారని. ఈ ఏడాది షర్క్‌లో దీన్ని ముట్టుకునేవాడు ఉండడు. ఉండనీ. ఎండాకాలంలో సముద్రంలో తిరుగుతుంటే చూసి వాళ్ళే నమ్ముతారు. అప్పుడు చూద్దాం."

"మరి బగ్గీలు ఎక్కడ పెట్టను?"

"ఎడారిలో పెట్టు. ఎడారి పెద్దది."

పెద్దకొడుకు కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. కోపం రెండు మూడు వారాలు ఉంది. తర్వాత డేరాల దగ్గర అతనే నాకు టీ పోసి ఇచ్చాడు. క్షమించమని అడగలేదు, అడుగుతాడని నేనూ అనుకోలేదు.

అది తర్వాత సంగతి. ఆ సాయంత్రం బాబా కర్ర కొసతో మోటారు వైపు చూపించి, "మళ్ళీ చెయ్యి. అంతా. మంచినీళ్ళతో," అన్నాడు.

తలాడించాను. బాగా అలిసి ఉన్నాను. అయినా అడగవలసినది అడిగేయాలనిపించింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "ఎండాకాలంలో దీన్ని ఎవరు లేపుతారు బాబా?" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. "నిద్రపుచ్చినవాడే లేపాలి. నీ పాస్‌పోర్టు రేపు మామాకు ఇవ్వు. డేరాలు విప్పేలోపు ఇఖామా వేయిద్దాం." కుర్చీలోంచి లేవబోతూ ఆగి, "ఒక్క ఏడాది. ఆ తర్వాత నా మోకాళ్ళ ఇష్టం," అన్నాడు.

ఒక్క ఏడాది. నాకు కావలసిన సంఖ్య అదే. ఆయనకు అది తెలియదు. సంతోషం వస్తుందని ఆగి చూశాను. డబ్బాలు గుర్తొచ్చాయి. ఈసారి సలీబీ కూడా కడగాలి కాబట్టి మూడు నీళ్ళు పోయాలి. మూడు ఎనిమిదులు ఇరవై నాలుగు.

బాబా లోపలికి వెళ్ళి మామాతో ఏదో అన్నాడు. మామా గట్టిగానే జవాబిచ్చింది. కాసేపటికి వంటింటి కిటికీ తెరుచుకుని, అందులోంచి రబ్బరు పైపు కొస బయటికి వచ్చింది. "గడప మీదుగా మాత్రం కుదరదు!" అంది మామా లోపలినుంచి. ఇన్నేళ్ళలో ఆ కిటికీ సంగతి మా ఎవరికీ తట్టలేదు.

జగిత్యాలతను పరిగెత్తి పైపు అందుకుని లాక్కొచ్చాడు. పెరటి మధ్యకు వచ్చేసరికి పైపు బిగిసింది. ఇంకాస్త లాగాడు. రాలేదు. ఆ కొసను చేత్తో పట్టుకుని నా వైపు చూశాడు.

"సగం దూరం దాక వచ్చిందే అన్నా."

"సగం మోత తగ్గింది. ఇంకేం కావాలి, డబ్బా పెట్టు," అన్నాను.

డబ్బా నింపుతూ అతను అడిగాడు. "కోపం జేసినవా అన్నా?"

"దేనికి?"

"గా నీళ్ళకు. బర్రె ముచ్చటకు."

"అమ్మే బర్రెకు దాణా పెట్టవా నువ్వు?"

"ఇగ పెడ్త తియ్. ముసలాయన జెప్పిండు గద, అమ్మే దానికే ఎక్కువ పెట్టాలెనట. గా తెలివి లేకనే నేను కోయిటకు వచ్చి పడ్డ."

డ్రమ్ము ఖాళీ చేశాం, నింపాం, మోటారు తిప్పాం. మళ్ళీ ఖాళీ చేశాం, మళ్ళీ నింపాం. పొద్దు గుంకుతుంటే గాలి చల్లబడింది. తడిసిన చేతులు బిర్రబిగుసుకుపోయాయి. మోటారు పక్క బెజ్జంలోంచి సన్నటి ధార పడుతోంది. నేను దాని కింద వేలు పెట్టి, నాలుక కొసన తాకించి, ఉమ్మేశాను. నూనె వాసన, దాని వెనక ఎక్కడో ఉప్పు.

"ఎట్లుందే? పప్పు ఉడుకుతదా?" అన్నాడతను, ఖాళీ డబ్బా చేతిలో పట్టుకుని.

"ఇంకా పలుకుంది," అన్నాను. "ఇంకో ఎనిమిది తే."